పదహారో వంతు ఇంజను

ఇంగ్లండులో చాలా ఊళ్ల పార్కుల్లో ఓ మూల, రెండడుగుల ఎత్తున కట్టిన బుల్లి రైలుపట్టాలు గుండ్రంగా తిరిగి ఉంటాయి. సెలవురోజు మధ్యాహ్నం వాటి మీద మీటరుకు కాస్త పైన పొడుగుండే ఆవిరి ఇంజను ఒకటి నడుస్తుంటుంది. దాని వెనక బల్లలాంటి ట్రాలీ. ఆ ట్రాలీ మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, ముందుకు వంగి, చిన్న గరిటెతో పొయ్యిలో బొగ్గు వేస్తూ ఒక పెద్దాయన. ఆయన వెనక ఇద్దరు పిల్లలు. చూడటానికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇంత చిన్న ఇంజను ముగ్గురు మనుషుల్ని ఎలా లాగుతోంది? లోపలెక్కడో బ్యాటరీ పెట్టి ఉంటారు కదా?

బ్యాటరీ లేదు. లోపల ఉన్నది నిప్పు, నీళ్లు, ఆవిరే. ఆ ఇంజనును ఫ్యాక్టరీలో చేసిందీ లేదు. పెరట్లో షెడ్డు వేసుకుని, చిన్న లేత్ మెషీన్ మీద, ఉద్యోగం నుంచి ఇంటికొచ్చిన సాయంత్రాల్లో, ఒక్కోసారి పదేళ్లపాటు కూర్చుని ఎవరో చేసుకున్నది. ఆయన బ్యాంకు ఉద్యోగి కావచ్చు, పళ్ల డాక్టరు కావచ్చు. ఈ వ్యాపకాన్ని మోడల్ ఇంజనీరింగ్ అంటారు. మోడల్ అనగానే మనకు అద్దాల పెట్టెలోని బొమ్మ గుర్తొస్తుంది. వీళ్లలో చాలామంది లెక్కలో మాత్రం పనిచెయ్యని ఇంజను ఇంజనే కాదు. 1898 జనవరిలో పెర్సివల్ మార్షల్ అనే ఆయన లండన్‌లో వీళ్లకోసం 'మోడల్ ఇంజనీర్' అన్న పత్రిక మొదలుపెట్టాడు. అదే ఏడాది అక్కడ ఒక సంఘం కూడా ఏర్పడింది.

అంత చిన్న ఇంజను మనుషుల్ని లాగడం నిజానికి పెద్ద వింతేమీ కాదు. అసలు వింత వేరే ఉంది. పెద్ద ఇంజను డ్రాయింగు ముందు పెట్టుకుని, ప్రతి కొలతనూ పదహారుతో భాగించి, తు.చ. తప్పకుండా తయారుచేస్తే ఆ ఇంజను పట్టాల మీద మొండికేస్తుంది. పొయ్యి సరిగ్గా మండదు, సిలిండరులో నీళ్లు చేరతాయి, నీటిమట్టం తప్పుగా చూపిస్తుంది. కొలతలు కుదించడం మన చేతిలో పని. ప్రకృతి నియమాలు మాత్రం మన స్కేలు చూసి కుదించుకోవు.

కొలత పదహారో వంతు, బరువు ఎన్నో వంతు?

బ్రిటన్‌లో పెద్ద రైలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. దాన్ని పదహారుతో భాగిస్తే దాదాపు మూడున్నర అంగుళాలు వస్తుంది. మోడల్ ఇంజనీర్లు వాడే గేజ్‌లలో ఇదొకటి. 5 అంగుళాలు, ఏడుంపావు అంగుళాలు కూడా బాగా వాడకంలో ఉన్నాయి. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి పదహారో వంతు లెక్క వీటిలో దేనికీ సరిపోదు. మన ఇంజనును 5 అంగుళాల పట్టాల మీద నడపాలనుకునేవారు సుమారు పదమూడో వంతు లెక్క వేసుకోవాలి. ఈ అధ్యాయానికి పదహారు చాలు, లెక్క తేలికవుతుంది.

ఇంజను పొడవు పదహారో వంతైతే దాని రేకుల వైశాల్యం పదహారో వంతు కాదు. పొడవూ తగ్గింది, వెడల్పూ తగ్గింది. పదహారు పదహార్లు 256. అంటే వైశాల్యం 256వ వంతు. బరువు దగ్గరికొస్తే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కనుక 4096వ వంతు. వంద టన్నుల ఇంజను ఈ లెక్కన పాతిక కిలోల లోపే తూగుతుంది. సాయానికి ఇంకొకరుంటే కారు డిక్కీలో పెట్టుకుని పార్కుకు తీసుకెళ్లొచ్చు. తీసుకెళ్తున్నారు కూడా.

ఆవిరి పిస్టన్‌ను తోసే బలం పిస్టన్ ముఖం ఎంత వెడల్పన్న దాని మీద ఆధారపడుతుంది. అంటే వైశాల్యం మీద. బాయిలరులో పీడనం పెద్దదాంట్లో ఉన్నంతే ఉంచితే, తోసే బలం 256వ వంతుకు పడిపోతుంది. కానీ ఆ బలం కదపాల్సిన ఇంజను బరువు 4096వ వంతుకు పడిపోయింది. తన బరువుతో పోల్చుకుంటే బుల్లి ఇంజనుకు పెద్దదాని కంటే పదహారు రెట్లు బలం ఎక్కువన్నమాట! ఇంత బలం దానికి అక్కర్లేదు సరికదా, ఇబ్బంది. చక్రం పట్టాను పట్టుకునేది ఇంజను బరువు వల్లే. బరువు చాలకపోతే చక్రాలు ఉన్నచోటే గిర్రున జారతాయి. అందుకే పెద్ద ఇంజన్లలో చదరపు అంగుళానికి 200 పౌండ్లు, ఆపైన కూడా ఉండే పీడనాన్ని వీళ్లు 80, 90 పౌండ్ల దగ్గర ఆపేస్తారు.

ఇక మనుషుల సంగతి. 60 కిలోల డ్రైవరు, చెరో 30 కిలోల పిల్లలిద్దరు, మొత్తం 120 కిలోలు. దీన్ని పదహారో వంతు లోకంలోంచి మన లోకంలోకి తిరిగి పెంచితే 490 టన్నులు. అంటే పది బోగీల ప్యాసింజరు రైలు బరువు. వంద టన్నుల ఇంజను పది బోగీలు లాగితే ఎవరైనా ఆగి చూస్తారా? పార్కులో జరుగుతున్నది అదే.

గుండిగలో సాంబారు, గ్లాస్గోలో మోడల్

బలం విషయంలో చిన్నదనానికి దక్కిన లాభం వేడి దగ్గర నష్టంగా మారుతుంది. పెళ్లింట్లో గుండిగతో దించిన సాంబారు మూడో బంతికి కూడా పొగలు కక్కుతూనే ఉంటుంది. అదే సాంబారు గరిటెడు విస్తట్లో పోస్తే అన్నం కలుపుకునే లోపే చల్లారుతుంది. సాంబారు మారలేదు, పొయ్యి మారలేదు. వేడి నిలవుండేది లోపలి పరిమాణంలో, బయటికి పోయేది పైతలం నుంచి. గుండిగలో పరిమాణం ఎక్కువ, దాంతో చూస్తే పైతలం తక్కువ. గరిటెడులో అంతా పైతలమే.

పదహారో వంతు సిలిండరులో పరిమాణం 4096వ వంతైంది, లోపలి గోడల వైశాల్యం మాత్రం 256వ వంతే. సిలిండరులోకి వచ్చిన ప్రతి బొట్టు ఆవిరికీ పెద్ద ఇంజనులో కంటే పదహారు రెట్లు ఎక్కువ లోహం తగులుతుంది. ఆ లోహం ఆవిరి కంటే చల్లగా ఉంటే ఆవిరి దాన్ని తాకిన చోటే నీరైపోతుంది. నీరైన ఆవిరి ఇక పిస్టన్‌ను తొయ్యదు. కాల్చిన బొగ్గులో అంతమేరకు వృథా.

ఈ సంగతిని మొదట గట్టిగా పట్టించుకున్నవాడు ఒక మోడల్ బాగుచెయ్యడానికి కూర్చున్నవాడే. 1763–64 చలికాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు చేసే జేమ్స్ వాట్‌కు, తరగతిలో చూపించే న్యూకమెన్ ఇంజను నమూనా ఒకటి బాగుచెయ్యమని ఇచ్చారు. గనుల్లో నీళ్లు తోడే పెద్ద న్యూకమెన్ ఇంజన్లు అప్పటికి యాభై ఏళ్లుగా పనిచేస్తున్నాయి. వాటిలో సిలిండరును ఆవిరితో నింపి, ఆ సిలిండరులోకే చన్నీళ్లు చిమ్మేవారు. ఆవిరి నీరై లోపల శూన్యం ఏర్పడితే బయటి గాలి పిస్టన్‌ను కిందికి నొక్కేది. మళ్లీ ఆవిరి, మళ్లీ చన్నీళ్లు. గ్లాస్గో నమూనాను వాట్ సరిచేశాడు. ఏ లోపమూ కనిపించలేదు. అయినా అది నాలుగు దెబ్బలు ఆడి ఆగిపోయేది, బాయిలరు ఆవిరి అందించలేకపోయేది.

బొమ్మే కదా, ఇంతే ఆడుతుందిలే అని ఇంకొకరైతే వదిలేసేవారు. వాట్ వదల్లేదు. ప్రతి దెబ్బకూ చల్లబడిన సిలిండరును తిరిగి వేడిచెయ్యడానికే ఆవిరిలో చాలాభాగం ఖర్చైపోతోందని ప్రయోగాలు చేసి లెక్కగట్టాడు. ఇత్తడి వేడిని తొందరగా లాగేస్తుందని, చెక్క సిలిండరును అవిసె నూనెలో నానబెట్టి కూడా చూశాడు. పెద్ద ఇంజన్లలోనూ ఇదే వృథా జరుగుతోంది. కాకపోతే వాటిలో పైతలం నిష్పత్తి తక్కువ కాబట్టి బొగ్గు ఎక్కువ వేసి నెట్టుకొస్తున్నారు. చిన్న నమూనాలో ఆ జబ్బు ముదిరి బయటపడింది. 1765లో గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుండగా వాట్‌కు ఉపాయం తట్టింది: సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉండాలి, ఆవిరిని చల్లబరిచేది వేరే పాత్రలో జరగాలి. ఇత్తడి సిరంజితో దాన్ని పరీక్షించి చూశాడు. 1769లో పేటెంటు వచ్చింది. ఆ నమూనా ఇప్పుడు గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియంలో ఉంది. మరిగే కెటిలు మూత ఎగరడం చూసి వాట్‌కు ఆలోచన వచ్చిందన్న కథ బడి పుస్తకాల్లో చెప్పుకుంటాం గానీ, దానికంటే ఈ కథ ఎంతో గట్టిది.

ఈనాటి మోడల్ ఇంజనీర్లు ఈ జబ్బుకు మూడు నాలుగు మందులు వాడతారు. బాయిలరుకూ సిలిండరుకూ వేడి పోకుండా చుట్టూ తొడుగు వేస్తారు. ఆవిరిని సిలిండరుకు పంపేముందు నిప్పు మధ్యగా పోయే గొట్టంలో మరోసారి వేడిచేస్తారు. దీన్ని సూపర్‌హీటింగ్ అంటారు. ఇంజను కదిలించే ముందు సిలిండరు అడుగున ఉండే బుల్లి కుళాయిలు తెరిచి పెడతారు. రైలు బయల్దేరేటప్పుడు పక్కల నుంచి బుస్సుమని తెల్లటి ఆవిరి వచ్చేది వాటిలోంచే. అందం కోసం చేసే పని కాదది. నీరు ఆవిరిలా అణగదు. కుళాయి మూసి ఉండగా పిస్టన్ వచ్చి నీటిని గుద్దితే సిలిండరు మూత పగిలిపోవచ్చు.

బాయిలర్ల యుద్ధం

పొయ్యి కథ ఇంకా చిక్కు. పెద్ద రైలింజను బాయిలరులో పొయ్యి నుంచి పొగగొట్టం దాకా, నీటి మధ్యగా, రెండంగుళాల మందం గొట్టాలు నూటికి పైగానే ఉంటాయి. మంట వేడి వాటిలోంచి పోతూ చుట్టూ ఉన్న నీటిని మరిగిస్తుంది. పదహారుతో భాగిస్తే గొట్టం అంగుళంలో ఎనిమిదో వంతవుతుంది. బొగ్గుమసి రెండు రౌండ్లలో దాన్ని పూడ్చేస్తుంది. పూడకపోయినా అంత ఇరుకులోంచి పొగ సాగదు. అందుకని మోడల్‌లో గొట్టాల సంఖ్య బాగా తగ్గించి, ఒక్కొక్కదాన్ని స్కేలు కంటే మూడు రెట్లు లావుగా వేస్తారు. బొగ్గు ముక్కనూ మరీ చిన్నది చెయ్యకూడదు. బఠాణీ గింజంత బొగ్గును ఇసుక రేణువంత చేస్తే మండదు, గాలి ఆడక ఆరిపోతుంది. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకోవడం తేలిక. ఒకప్పుడు వీటి మీద పెద్ద రగడే జరిగింది.

1920ల తొలినాళ్లలో, చిన్న గేజ్ ఇంజనులో బొగ్గు పొయ్యి పనికిరాదని, స్పిరిటు దీపమే మేలని పేరున్న నిపుణులే వాదించేవారు. బొమ్మ ఇంజన్ల కంపెనీలు అమ్మేవీ అవే. అప్పుడు ఒక మాజీ రైల్వే పనివాడు ఎదురు నిలబడ్డాడు. తాను పనిచేసిన లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే పొడి అక్షరాలు ఎల్.బి.ఎస్.సి. అన్నదే ఆయన కలంపేరు. మనిషిని లాగడానికి బొగ్గే కావాలని, పెద్ద ఇంజను తరహా బాయిలరే కావాలని, కాకపోతే లోపలి కొలతలు స్కేలు ప్రకారం కాక పనికి తగ్గట్టు ఉండాలని ఆయన వాదన. మాటలతో ఆగక రెండున్నర అంగుళాల గేజ్‌లో 'ఆయేషా' అన్న ఇంజనును నడిపించి, దాని వెనక మనిషిని కూర్చోబెట్టి చూపించాడు. ఆ గొడవకు 'బాయిలర్ల యుద్ధం' అన్న పేరు స్థిరపడింది. 1924 నుంచి ఆయన 'మోడల్ ఇంజనీర్'లో రాయడం మొదలుపెట్టి దాదాపు నాలుగు దశాబ్దాలు రాశాడు.

నా దృష్టిలో ఆయన అసలు గొప్పతనం ఆ గెలుపులో కాదు, రాసిన తీరులో ఉంది. పత్రిక అప్పట్లో వారపత్రిక. ఈ వారం చక్రాలు, పై వారం ఇరుసులు, ఆ పైన సిలిండర్లు అంటూ ఒక్కో భాగం ఎలా పట్టుకోవాలో, ఎలా కొయ్యాలో పక్కన నిలబడి చెప్పినట్టు రాసేవాడు. ఖరీదైన మెషీన్లు లేనివాడు ఏం చెయ్యాలో కూడా చెప్పేవాడు. గుమాస్తాలు, బడిపంతుళ్లు ఇంజన్లు చెయ్యగలిగింది అందువల్ల. కచ్చితమైన స్కేలు కోరేవాళ్లకు ఆయన ఇంజన్లు నచ్చేవి కావు. రివెట్లు తక్కువ, పైపులు లావు అనేవారు. వాళ్ల మాటా కొట్టిపారెయ్యలేం గానీ, పరుగెత్తే ఇంజనుకూ అచ్చుగుద్దినట్టున్న ఇంజనుకూ మధ్య ఎంచుకోమంటే నేను మొదటిదాని వైపే ఉంటాను.

రాగి, వెలిగారం, వెండి

ఈ పని మొత్తంలో జాగ్రత్తగా చెయ్యాల్సింది బాయిలరు. ఒకటిన్నర మీటర్ల అడ్డకొలత, 16 మిల్లీమీటర్ల మందం ఉన్న బాయిలరును పదహారుతో భాగిస్తే 94 మిల్లీమీటర్ల గొట్టం, దాని రేకు ఒక్క మిల్లీమీటరు. గుండ్రటి గొట్టం మట్టుకు ఈ లెక్క సరైనదే. అడ్డకొలతతో పాటు మందమూ అదే వంతున తగ్గితే, అదే పీడనానికి రేకు మీద పడే ఒత్తిడి మారదు. అయినా ఒక మిల్లీమీటరు రేకుతో ఎవరూ చెయ్యరు. కుళాయిలు బిగించడానికి తీసిన మర ఆ మందంలో పట్టదు. పొయ్యిపెట్టె గోడలు బల్లపరుపుగా ఉంటాయి, అవి ఉబ్బకుండా మధ్యమధ్య స్టేలనే ఆధారపు కడ్డీలు వెయ్యాలి. టంకం పెట్టేటప్పుడు కాల్చిన రాగి మెత్తబడి ఉంటుంది. అందుకే రెండు, రెండున్నర మిల్లీమీటర్ల రాగి రేకు వాడతారు. ఇక్కడ స్కేలును పక్కన పెట్టాల్సిందే.

ఈ విషయంలో ఉక్కుకు రాగి పూర్తిగా ఎదురు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. చెక్క అచ్చు మీద రాగి రేకు అంచులు సుత్తితో వంచుతుంటే కాసేపటికి రేకు గట్టిపడి మాట వినదు. మళ్లీ కాల్చాలి, మళ్లీ ముంచాలి, మళ్లీ కొట్టాలి. ఒక్క పలకకే ఇలా నాలుగైదుసార్లు చెయ్యాల్సి రావచ్చు. వినకుండా మొండిగా కొడితే అంచు చీలుతుంది.

అతుకులకు వాడేది వెండి కలిసిన టంకం. మామూలు రేడియో టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 80 పౌండ్ల పీడనంలో ఉన్న ఆవిరి 160 డిగ్రీలు దాటుతుంది. ఆ రెంటికీ ఉన్న ఎడం ప్రాణానికి భరోసా ఇచ్చేది కాదు. వెండి టంకానికి 600 డిగ్రీలకు పైన వేడి కావాలి. అతికే చోట వెలిగారంలాంటి ఫ్లక్స్‌ను నీళ్లతో కలిపి పూస్తారు. మన కంసాలులు నగలకు వాడే వెలిగారమే ఇది. గ్యాసు మంట తగలగానే అది ముందు పొంగి తెల్లగా నురగలవుతుంది, తర్వాత సద్దుకుని గాజులా కరిగి లోహం మీద పరుచుకుంటుంది. రాగి మసకెరుపుకు వచ్చాక టంకం తీగను మంటకు కాదు, అతుకుకు తాకించాలి. వేడి సరిగ్గా ఉంటే తీగ కొస చటుక్కున కరిగి, మెరిసే గీతలా అతుకు చుట్టూ పరుగెత్తి అవతలి వైపు తేలుతుంది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ లాగలేదు. రెండు రాగి ముక్కల మధ్య మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని సందే దాన్ని లోపలికి లాక్కుంది. సన్నటి సందుల్లోకి ద్రవం తనంతట తానే పాకే ఈ గుణాన్ని బడి పుస్తకాల్లో కేశనాళికీయత అంటాం. సందు మరీ వెడల్పైతే టంకం ఆగిపోతుంది, మరీ బిగుతైతే చొరబడదు. అయిపోయాక పలచటి ఆమ్లంలోనో, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలోనో నానేస్తే నల్లబడ్డ రాగి మళ్లీ గులాబీ రంగుకొస్తుంది.

తర్వాత పరీక్ష. కొత్త బాయిలరును నిండా చన్నీళ్లతో నింపి, చేతిపంపుతో పని పీడనానికి రెట్టింపు ఎక్కిస్తారు. 80కి చేసినదైతే 160. గాలితో కాక నీళ్లతోనే ఎందుకంటే, నీరు దాదాపు అణగదు కాబట్టి అందులో శక్తి దాగదు. అతుకు వదిలితే ఒక చుక్క కారుతుంది, ముల్లు కిందికి పడుతుంది, అంతే. ఆవిరి సంగతి వేరు. 160 డిగ్రీల లీటరు నీరు ఒక్కసారిగా బయటి గాలిలోకి వస్తే అందులో పదో వంతు క్షణంలో ఆవిరై 150 లీటర్లకు పైగా వ్యాపిస్తుంది. పేరుకే బుల్లి బాయిలరు. సంఘంలో తనిఖీ చేసేవారు సంతకం పెట్టనిదే ఆ ఇంజనును జనం మధ్యకు రానివ్వకపోవడానికి కారణం ఇదే.

గాజుగొట్టం చెప్పే అబద్ధం

టంకాన్ని లోపలికి లాగి మేలు చేసిన కేశనాళికీయతే ఇంకోచోట కీడు చేస్తుంది. బాయిలరులో నీళ్లెన్ని ఉన్నాయో చూడటానికి డ్రైవరు ముందు నిలువుగా ఒక గాజుగొట్టం ఉంటుంది. పెద్ద ఇంజనులో దాని రంధ్రం సెంటీమీటరు లెక్కలో ఉంటుంది కాబట్టి గోడలు నీటిని పైకి లాగేది ఒకటి రెండు మిల్లీమీటర్లే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పదహారో వంతు చేస్తే రంధ్రం మిల్లీమీటరు కంటే సన్నం. అంత దూరం వెళ్లక, 2 మిల్లీమీటర్ల రంధ్రమే అనుకుందాం. చన్నీళ్లు అందులో అసలు మట్టం కంటే దాదాపు 15 మిల్లీమీటర్లు పైకెక్కి కూర్చుంటాయి. వేడినీటి తలతన్యత తక్కువ కనుక ఆవిరి ఉన్నప్పుడు కాస్త తగ్గుతుంది, అయినా సెంటీమీటరు దాకా ఉంటుంది.

సెంటీమీటరే కదా అనిపించవచ్చు. ఈ బాయిలరు మొత్తం అడ్డకొలతే పది సెంటీమీటర్ల లోపు. పొయ్యిపెట్టె పైకప్పు మీద ఎప్పుడూ ఉండాల్సిన నీరు కూడా సెంటీమీటరు లెక్కలోనే. గాజులో నీళ్లు కనిపిస్తున్నాయి కదా అని డ్రైవరు ధీమాగా ఉంటాడు, లోపల పైకప్పు ఎండిపోయి ఉంటుంది. నీరు తగలని రాగి నిప్పు మీద ఎర్రబడితే ఇందాక చెప్పిన మెత్తదనమే దానికి దాపురిస్తుంది. అందుకే గాజుగొట్టం స్కేలు కంటే లావుగా కనిపించినా సరే, పట్టినంత పెద్దది పెడతారు. ప్రదర్శనలో ఎవరైనా 'ఇది పెద్దదిగా ఉందే' అంటే నవ్వి ఊరుకుంటారు. సన్న గొట్టంలో గాలిబుడగ ఒకటి ఇరుక్కుని నీటిని రెండు ముక్కలుగా నిలబెట్టడం కూడా మామూలే. అప్పుడు అడుగునున్న కుళాయి ఒకసారి తెరిచి మూస్తే నీరు దిగిపోయి మళ్లీ లేస్తుంది. మళ్లీ లేచిన మట్టాన్నే నమ్మాలి.

బల్ల మీద సగం పని

ఇన్ని చోట్ల స్కేలును ఎంతెంత తప్పాలో ఎవరో ఒక్కరు కూర్చుని లెక్కగట్టింది కాదు. చాలావరకు ఇది ఒకరు చేసి చూపించి, ఇంకొకరు సరిదిద్ది, మూడోవారు పాటించగా కూడిన జ్ఞానం. దాని కోసం ఈ సంఘాల్లో ఒక మంచి అలవాటుంది. కొన్ని సాయంత్రాలు పూర్తయిన ఇంజన్లు కాక పూర్తికాని ముక్కలే తెచ్చి బల్ల మీద పెడతారు. పోతపోసి ఇంకా నునుపు చెయ్యని చక్రం, రంధ్రాలు వేసి ఆపేసిన సిలిండరు, పాడైపోయిన పలక, ఆ పలకను పట్టుకోవడానికి చేసుకున్న తాత్కాలికపు బిగింపు.

పూర్తయిన ఇంజను రంగు వేసుకుని, అతుకులు దాచుకుని వస్తుంది. దాన్ని చూసి మెచ్చుకోవచ్చు, నేర్చుకునేది తక్కువ. సగం పనిలో అన్నీ బయటికే కనిపిస్తాయి. ఉదాహరణకు సిలిండరు దిమ్మ. బీడుతోనో కంచుతోనో పోసిన ఆ దిమ్మ గుండ్రంగా ఉండదు, లేత్ మీద మూడు దవడలతో పట్టుకునే మామూలు త్రీజా చక్‌లో మధ్యకు రాదు. ఫోర్‌జా చక్‌లో పెట్టి, నాలుగు దవడలూ విడివిడిగా బిగిస్తూ, డయల్ గేజ్ ముల్లు ఆనించి చక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పాలి. ముల్లు అటు పది గీతలు, ఇటు పది గీతలు ఊగుతుంది. ఎత్తుగా ఉన్న వైపు దవడ బిగించి ఎదురుది వదులుతూ పోతే ఊపు ఐదుకు, రెండుకు, చివరికి ఒక గీతకు వస్తుంది. ఆ గీత మిల్లీమీటరులో నూరోవంతు. హైదరాబాద్ బాలానగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మెషీన్ల దగ్గర రోజూ జరిగే పని ఇది. ఐటీఐలో టర్నర్ ట్రేడు చదివినవారికి చెప్పక్కర్లేదు. వాట్ కాలంలో మాత్రం ఈ కచ్చితత్వం ఎవరికీ అందలేదు. 1770ల మధ్యలో జాన్ విల్కిన్సన్ కొత్తరకం బోరింగ్ మెషీన్ చేసేదాకా వాట్ ఇంజనుకు సరైన సిలిండరే దొరకలేదు.

బల్ల చుట్టూ చేరినవాళ్లు అడిగేవి కూడా చేతిపని ప్రశ్నలే. ఎక్కడ పట్టుకున్నావు, ఏ వైపు ముందు కోశావు, రెండో వైపు సమానంగా ఉందని ఎలా నమ్మావు? పోతలో గాలిబుడగ బయటపడితే ఎంత లోతుకు తీస్తే పోతుందో చూసినవాడు చెబుతాడు. పిస్టన్‌కు రింగులు వెయ్యాలా, గ్రాఫైటు తాడు చుట్టాలా అన్న దగ్గర మాత్రం ఎవరి పార్టీ వారిది, తెల్లారినా తేలదు.

ఈ వ్యాపకం శిఖరాన్ని చూడాలంటే చెర్రీ హిల్ అనే బ్రిటిష్ మహిళ పని చూడాలి. రోడ్ల మీద నడిచే 19వ శతాబ్దపు ట్రాక్షన్ ఇంజన్ల పాత డ్రాయింగులు తవ్వి తీసి, అవి నిజంగా నడవగలవో లేదో ముందు కాగితం మీద తేల్చుకుని, పదహారో వంతులో తయారుచేసేది. బ్రిటన్‌లో ఈ రంగపు అత్యున్నత బహుమతి డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో ట్రోఫీని ఎన్నోసార్లు గెలుచుకుంది. ఆమె మోడళ్లు లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థలో ఉన్నాయి. నెవిల్ షూట్ చివరి నవల 'ట్రస్టీ ఫ్రమ్ ది టూల్‌రూమ్' (1960) నాయకుడు కూడా ఇలాంటివాడే. డబ్బులేని మోడల్ ఇంజనీరు, పత్రికకు వ్యాసాలు రాసుకుని బతికేవాడు. భూగోళం అవతలికి వెళ్లాల్సి వస్తే, ముఖమైనా చూడని పాఠకులు దారిపొడుగునా సాయం చేస్తారు. షూట్ స్వయంగా విమానాల ఇంజనీరు, ఆ బంధం ఎలాంటిదో తెలిసి రాశాడు.

మొదలుపెట్టాలనుకునేవారికి అనుభవం ఉన్నవాళ్లు రైలింజను జోలికి వెళ్లొద్దనే చెబుతారు. ముందు ఊగే సిలిండరు ఇంజను చెయ్యమంటారు. ఇందులో వాల్వులుండవు. సిలిండరే అటూ ఇటూ ఊగుతూ తన రంధ్రాన్ని ఒకసారి ఆవిరి దారికి, ఒకసారి బయటి దారికి ఎదురుగా తెచ్చుకుంటుంది. భాగాలు పది కూడా ఉండవు, బాయిలరు అసలే అక్కర్లేదు. పంక్చరు షాపు కంప్రెసర్ గాలి తక్కువ పీడనంలో పెట్టినా గిరగిరా తిరుగుతుంది. తిరిగింది కదా అని అదే ఇంజనును తీసుకెళ్లి ఆవిరికి తగిలిస్తే మొదటి నిమిషం ముక్కుతూ మూలుగుతూ నీళ్లు కక్కి ఆగిపోవచ్చు. గాలి చల్లబడినా గాలిగానే ఉంటుంది, ఆవిరి అలా ఉండదు. ఫ్లైవీల్‌ను చేత్తో ఇటూ అటూ తిప్పుతూ, సిలిండరు ముట్టుకోలేనంత వేడెక్కేదాకా ఆ నీళ్లన్నీ బయటికి పోనివ్వాలి. అప్పుడు వదిలితే తిరుగుతుంది.